కవుల మొద్దు

మిఖాయేలు పండుగ మర్నాడు, సెప్టెంబరు ఆఖరి రోజు

గొంతు బాగాలేదు. అందుకే రాస్తున్నాను.

మామూలుగా నాకు రాత అంటే గిట్టదు. జ్ఞాపకం చాలనివాళ్ళు రాస్తారు, సన్యాసులు రాస్తారు. కవి అన్నవాడు పద్యాన్ని నోట్లో పుట్టించి నోట్లోనే దాచుకుంటాడు. పొవిస్ సీమలో, ఆ మాటకొస్తే వేల్స్ దేశం మొత్తం మీద, ఈ గొరోన్వీకి ఉన్నంత జ్ఞాపకం ఇంకొకడికి ఉంటే చూపించమనండి. కానీ మూడు రోజులుగా నోరు మూసుకుని కూర్చుంటే పిచ్చెక్కుతోంది. మఠంలో ఉన్న మేనల్లుడు పోయినేడు ఇచ్చిన తోలు కాగితాలు పెట్టె అడుగున దొరికాయి. పాత ప్రార్థనలు గీకేసి ఇచ్చాడు. అక్కడక్కడా ‘ఆమెన్’ మాత్రం ఇంకా కనిపిస్తోంది.

హునిద్ గంజి గిన్నె నా ముందు పెట్టి, "గొంతు కాదన్నయ్యా, పళ్ళు" అంది.

ఈ చెల్లెలు మొగుడు పోయి నా ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం ఇంకా రాలేదు.

రెండు పళ్ళు. పై వరసలో ముందువి. పోయినవి రెండంటే రెండే.

మిఖాయేలు పండుగ తర్వాత అయిదో రోజు

ఎవరైనా అడిగితే చెప్పవలసింది: గుర్రం తల విదిలించింది, మూతికి తగిలింది. వెనకటి వీరులకు యుద్ధాల్లో పళ్ళు పోయేవి. నాకు గుర్రం వల్ల పోయాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నా కాగితం ముందు అబద్ధం ఎందుకు. హునిద్ కాల్చిన ఓట్స్ రొట్టె. మూడు రోజుల నాటిది. "పాలలో నానబెట్టుకో అన్నయ్యా" అంది. "నేనేమన్నా పసివాణ్ణా?" అన్నాను. సరిగ్గా ఆ మాట అంటూనే కొరికాను.

మిఖాయేలు పండుగ తర్వాత ఎనిమిదో రోజు

కోతల రోజుల్లో జరిగింది గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. అప్పటికి పళ్ళున్నాయి మరి.

గ్లాస్‌ఫ్రిన్ భవనంలో భోజనాల దగ్గర కదూగన్ దొర నా భుజం మీద చెయ్యి వేసి, "కవిగారూ, నవంబరులో మార్టిన్ పండుగకి మా అమ్మాయి నెస్ట్ పెళ్ళి. మీరు మొద్దుగా కూర్చోవాలి" అన్నాడు.

మొద్దుగా కూర్చోవడమంటే ఆషామాషీ గౌరవం కాదు. గొప్పింటి పెళ్ళిలో పెద్ద కవినొకణ్ణి నట్టింట కూర్చోబెడతారు. చిన్న కవులంతా ఒకరి తర్వాత ఒకరు లేచి అతణ్ణి వెక్కిరిస్తూ పద్యాలు చెబుతారు, దుంగను గొడ్డళ్ళతో నరికినట్టు. ఆ రోజంతా మొద్దు నోరెత్తకూడదు. వాళ్ళ పద్యాల్లో తప్పుంటే పట్టవచ్చు, అంతే. మర్నాడు మధ్యాహ్నం భోజనాల బల్లలు ఎత్తేలోపల అందరికీ కలిపి ఒక్క పద్యంతో జవాబు చెప్పాలి. అది కొత్త పద్యం అయి ఉండాలి. చెబితే పెళ్ళికొడుకు ఒంటి మీది చొక్కా విప్పి ఇస్తాడు. చెప్పలేకపోతే కుర్చీ పోతుంది.

నా కుర్చీ. పొయ్యికి కుడిపక్కన, దొర కొడుకు పక్కన ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా నా నడుముకి అలవాటైన కుర్చీ. అది పోతే ఎవరికి ఇస్తారో గ్లాస్‌ఫ్రిన్‌లో కుక్కలకు కూడా తెలుసు. నా దగ్గర ఏడేళ్ళు చదువుకున్న రిరిద్‌కి.

"ఎంతమందిని పిలవమంటారు? నలుగురు చాలా?" అన్నాడు దొర.

"పొవిస్‌లో నోరున్న ప్రతివాణ్ణీ పిలవండి దొరా" అన్నాను నేను. బల్లలన్నీ చప్పట్లతో అదిరిపోయాయి. చప్పట్లంటే నాకున్న బలహీనత ఇంతా అంతా కాదు.

అక్టోబరు మధ్యలో, తేదీ గుర్తులేదు

పశువుల కొట్టంలో గొంతు సవరించుకుని చూశాను. పరవాలేదు.

‘త’ అంటే ఈల వస్తోంది. ‘స’ అన్నా ఈలే. ‘ద’ అంటే గాలి. మిగతావన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇక్కట్టల్లా ఏమిటంటే, మా పద్యంలో ముందు సగంలో ఏ హల్లులు వస్తే వెనక సగంలో అవే హల్లులు అదే వరుసలో తిరిగి రావాలి. అలా వస్తేనే పాదం గంటలా మోగుతుంది. నాకిప్పుడు ముందు సగంలో ఈల, వెనక సగంలో ఈల. మోగడమైతే మోగుతోంది.

ఆవు తల తిప్పి చూసింది. చలిగాలికి అనుకుంటాను.

మర్నాడు

పద్యం మొదలుపెట్టలేదు. ఇంకా బోలెడు రోజులున్నాయి.

లూకా పండుగ

హునిద్‌తో గొడవ.

"పాటగాణ్ణి పెట్టుకో అన్నయ్యా. నువ్వు కట్టు, వాడు సభలో నీ బదులు పాడతాడు. సగం మంది కవులు చేసేది అదేగా."

"సగం మంది కవులకి సిగ్గులేదు. నా పద్యం ఇంకొకడి నోట్లోంచి రావడమేమిటి? నా అన్నం ఇంకొకడు నమిలి పెట్టినట్టు."

"నమలడానికి నీకు పళ్ళేవీ?"

ఈ ఇంట్లో మర్యాద అనేది లేదు.

కాసేపటికి మళ్ళీ వచ్చింది. "బయటవాణ్ణి వద్దనుకుంటే నీ శిష్యులే ఉన్నారుగా. గురువు పాడమంటే కాదనమని నీ చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేసినవాళ్ళేగా అందరూ."

"ఆ శిష్యులే కదే గొడ్డళ్ళు నూరుకుంటున్నది!"

"అయితే నువ్వేం నూరుతున్నావు?"

తలుపు వేసుకున్నాను. అసలు ఈవిడకి నా పని సంగతి ఎందుకు? పద్యం ఎప్పుడు రావాలో అప్పుడు వస్తుంది. తొందరపెడితే రాదు. రెండేళ్ళుగా నేను తొందరపెట్టడం లేదు, అంతే.

లూకా పండుగ తర్వాత మూడో రోజు

రిరిద్ వచ్చాడు. ‘ఇటుగా పోతున్నాను’ అన్నాడు. మా ఇంటి మీదుగా ఎక్కడికీ దారి లేదు. గొర్రెలకు కూడా లేదు.

ఎర్ర జుట్టు, వెడల్పాటి ఛాతీ, కొత్త బూట్లు. గొంతు మాత్రం, ఒప్పుకోవాలి, దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిన గొంతు.

"గురువుగారూ, ఒంట్లో ఎలా ఉంది? గొంతు పట్టేసిందని విన్నాను."

తల ఊపాను.

"గుర్రం కూడా తన్నిందట?"

మళ్ళీ తల ఊపాను.

"గుర్రానికి ఎంత ధైర్యం!" అని హునిద్ వైపు చూశాడు. ఆవిడ గభాలున పొయ్యిలోకి వంగింది. నవ్వు దాచుకోవడానికి, ఇంకెందుకు.

వాడు మజ్జిగ తాగాడు, రెండు రొట్టెలు తిన్నాడు. కటకటా నమిలాడు, నాకు వినిపించేలాగ. పోయేముందు గుమ్మంలో నిలబడి ఏదో కూనిరాగం తీశాడు. విన్నాను. పదమూడేళ్ళ కిందట చనిపోయిన మెరెదిద్ దొరని మెచ్చుకుంటూ నేను కట్టిన పద్యం.

"ఎంత బాగుంటుంది గురువుగారూ ఇది! పోయిన క్రిస్మస్‌కి మన దొరగారి మీద చెప్పారు చూడండి, అదీ అచ్చం ఇలాగే ఉంటుంది. మెరెదిద్ పేరున్న చోట కదూగన్ అని, అంతే."

నవ్వుతూనే అన్నాడు. దండం పెట్టి మరీ వెళ్ళాడు.

పేరు మారిస్తే పాదంలో హల్లులన్నీ సర్దాలి. అది ఎంత కష్టమైన పనో ఈ పిల్లకాయకి తెలుసా? తెలుసు. నేనే నేర్పాను.

సకల పునీతుల పండుగ

పద్యం మొదలుపెట్టాను! ఒక పాదం వచ్చింది. మంచి పాదం. మోగుతోంది.

మర్నాడు

ఆ పాదం తొమ్మిదేళ్ళ కిందట నేను కట్టిందే. ఉల్లికాడలు తరుగుతూ హునిద్ గుర్తుపట్టింది. "ఇది మా ఆయన పోయినప్పుడు చెప్పావు అన్నయ్యా" అంది.

మర్నాడు

వాన.

మర్నాడు

వాన. పద్యం లేదు.

మార్టిన్ పండుగకి రెండు రోజుల ముందు, గ్లాస్‌ఫ్రిన్

నిన్న వచ్చాం. భవనమంతా పందిమాంసం వాసన, తడి ఉన్ని వాసన. పొవిస్‌లో నోరున్న ప్రతివాడూ వచ్చాడు. దొరకి నా మాట మీద అంత గౌరవం.

పొద్దున ప్రార్థన అయ్యాక దొర నడి హాలులో నిలబడి వెక్కిరింపుకి విషయం ప్రకటించాడు. ప్రతి పెళ్ళిలో ఏదో ఒక విషయం ఇస్తారు. వానలో తడిసిన గడ్డమని, పిసినారితనమని, గుర్రం మీంచి పడ్డ తీరని. అందరూ ఆ ఒక్కదాని మీదే చెప్పాలి.

"విషయం ఇది!" అన్నాడు దొర. "గొరోన్వీ గారి పళ్ళు ఎక్కడికి పోయాయి?"

హాలంతా గొల్లుమంది. పెళ్ళికూతురు నెస్ట్, నేను ఉయ్యాల్లో చూసిన పిల్ల, ముక్కు మూసుకుని మరీ నవ్వింది.

"గుర్రం..." అని లేచాను. ఆ ‘గుర్రం’ ఈల లేకుండానే వచ్చింది. కానీ వంటింటి వైపు నుంచి ఎవరో ఆడమనిషి "ఓట్స్ రొట్టె!" అని అరిచింది. ఇక చెప్పేదేముంది.

హునిద్‌ని గుర్రాల కొట్టం వెనక పట్టుకున్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. నిన్న వంటవాళ్ళకి చెప్పాను, వాళ్ళు దొరగారి చెవిన వేశారు."

"తోడబుట్టినదానివేనా నువ్వు?"

"అరవకు, ఈల వస్తోంది. ఇటు చూడన్నయ్యా. దొరగారు ముందు అనుకున్న విషయం ఏంటో తెలుసా? ‘గొరోన్వీ కొత్త పద్యం ఎప్పుడు?’ రిరిద్ చెప్పించాడు. అందుకని నేను పళ్ళు ఇచ్చాను. పళ్ళ గురించి నవ్వుకోనీ. పళ్ళు పోవడం నీ తప్పు కాదుగా."

రెండేళ్ళ సంగతి ఆవిడకి తెలుసు. ఎప్పటినుంచి తెలుసో అడగలేదు. కొట్టం గోడకి ఆనుకుని నిలబడ్డాను. చెల్లెలి ముందు ఏడవడం నాకు అలవాటు లేదు, అయినా కళ్ళు తడిశాయి.

"ఒక్క పాదం కూడా లేదే" అన్నాను.

"తెలుసు" అంది.

మార్టిన్ పండుగ

పెళ్ళయింది. చర్చి గుమ్మంలో పెళ్ళికొడుకు మాడోగ్ ప్రమాణాలు గడగడా చెప్పేశాడు. ఒళ్ళంతా పళ్ళే కుర్రాడికి. ఈ మధ్య అందరిలో నాకు పళ్ళే కనబడుతున్నాయి.

తర్వాత నన్ను హాలు మధ్యలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. నా కుర్చీ పొయ్యి పక్కన ఖాళీగా ఉంది. కావాలనే నాకు కనబడేలా పెట్టారు. దొరగారి కొలువులో వీణ వాయించే ఇథెల్ శ్రుతి చేసుకున్నాడు. వెక్కిరింపు మొదలైంది.

మొదటివాడు: ఆ పళ్ళు దొరగారి జున్నులో దాక్కున్నాయి, అంత మెత్తని చోటు గొరోన్వీ నోట్లో దొరకలేదు అని. పరవాలేదు, నవ్వాను. రెండోవాడు: దొరల మీద ఈయన చెప్పే అబద్ధాలు గడప దాటేటప్పుడు తగిలి రాలిపోయాయని. అదీ బాగానే ఉంది. మూడోవాడు: సరిహద్దు గట్టు దాటి ఇంగ్లీషువాళ్ళ దగ్గర కొలువుకి పోయాయని. దానికి దొర కూడా కన్నీళ్ళొచ్చేలా నవ్వాడు.

నాలుగోవాడు టెగిడ్. బానపొట్ట, చిన్న గొంతు. రెండో జంట పాదాల్లో వెనక సగంలో ఒక హల్లు ఎగరగొట్టేశాడు. అంత సందడిలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. పంటి కింద రాయి తగిలినట్టయింది, పన్ను లేకపోయినా.

"హల్లు తప్పింది!" అని అరిచాను. ‘తప్పింది’ కాస్తా ఈలై పైకప్పు దాకా పోయింది. వేటకుక్కలు మూడు లేచి నా దగ్గరకి పరుగెత్తుకొచ్చాయి. పిలిచాననుకున్నాయి. అరగంట సేపు ఎవరూ ఎవరి మాటా వినే స్థితిలో లేరు. కానీ ఇథెల్ పాదం మళ్ళీ చెప్పించి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "తప్పింది, నిజమే" అన్నాడు. టెగిడ్ కూర్చోవలసి వచ్చింది. నా చెవులకి ఇంకా పళ్ళున్నాయి.

అందరికంటే ఆఖర్న రిరిద్ లేచాడు.

వాడు నవ్వలేదు, నవ్వించే ప్రయత్నమూ చెయ్యలేదు. సభకి ఒకసారి తల వంచి, వీణ వైపు చూసి, మెల్లగా ఎత్తుకున్నాడు.

పాత పాటే నమిలి నమిలి పళ్ళరిగె పెద్దాయనకు,
పేరు మార్చి వడ్డించిన కూడు పెళ్ళికి కూడా అదేనా?

ముందు నవ్వారు. తర్వాత ఆగారు. దొర నా వైపు చూడకుండా కప్పు చేతిలోకి తీసుకున్నాడు. పోయిన క్రిస్మస్ పద్యం గుర్తొచ్చి ఉంటుంది. హునిద్ ఆడవాళ్ళ బల్ల దగ్గర తల వంచుకుంది. ఆవిడ నా కోసం కట్టిన గోడని వాడు ఒక్క అడుగులో దాటేశాడు.

వాడు ఇంకా ఏమేమో చెప్పాడు. ఒక్కటీ తప్పు పట్టలేకపోయాను. తప్పు లేదు.

ఇదంతా సాయంత్రపు వెలుగు ఇంకా ఉండగానే గుర్రాల కొట్టంలో కూర్చుని రాస్తున్నాను. రేపటితో అయిపోయింది. ఇరవై రెండేళ్ళు. బానే కూర్చున్నాను.

మార్టిన్ పండుగ మర్నాడు

ఎక్కడ మొదలుపెట్టను?

తెల్లారుతుండగా లేచి గుర్రాల కొట్టానికే పోయాను. ఓడిపోయే రోజున చుట్టాల మధ్య కూర్చోవడం కన్నా గుర్రాలు నయం. రిరిద్ పద్యం ఒకసారి విన్నానంటే మరి పోదు, నా జ్ఞాపకం అలాంటిది. దాన్నే నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నాను, నొప్పి పుట్టే చోటునే నాలుకతో మళ్ళీ మళ్ళీ తడుముకున్నట్టు. తిట్టుకుంటూ తిప్పుకున్నాను. కాసేపటికి తిట్టడం మానేశాను. పనితనం చూడటం మొదలుపెట్టాను.

‘పళ్ళరిగె’ దగ్గర ఊపిరి ఆపి, రెండో పాదంలో ‘పెళ్ళికి’ దగ్గర వదిలాడు. ఆ ఆపడం ఎక్కడిది? నాది. వాడికి పదిహేనేళ్ళప్పుడు, ఇలాంటి వానాకాలంలోనే, ‘అక్కడ ఆగరా, విన్నవాడి గుండె కూడా ఆగాలి’ అని నెల రోజులు పోరి నేర్పాను. ఇక జున్ను గురించి చెప్పినవాడు? వాడికి నేర్పింది నా శిష్యుడు. గట్టు దాటించినవాడు రెండు చలికాలాలు నా ఇంట్లో అన్నం తిన్నాడు. టెగిడ్ ఒక్కడికే నా పాఠం అందలేదు, వాడే హల్లు తప్పాడు!

లేచి నిలబడ్డాను. నన్ను కరిచింది ఎవరి పళ్ళతో?

ఇక రావడం మొదలైంది. రెండేళ్ళుగా రానిది, వాన కాలవలా వచ్చింది. ఒక జంట పాదం కట్టి పక్కన పెట్టేలోపల ఇంకొకటి. నియమం కఠినంగా పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను. హల్లులు తమంతట తామే వరుసలో వచ్చి నిలబడ్డాయి. పొద్దెక్కేసరికి పద్యం పూర్తయింది.

హునిద్ రొట్టె తెచ్చింది. పాలలో నానబెట్టి తెచ్చింది. ఆవిడకి పద్యం మొత్తం వినిపించాను, ఈలలతో సహా. నవ్వలేదు. గిన్నె కింద పెట్టేసి, "కొత్తది" అంది. "ఇది కొత్తదన్నయ్యా!" అని నా రెండు చెవులూ పట్టుకుని ఊపేసింది, చిన్నప్పటిలాగ.

తర్వాత ముక్కు తుడుచుకుని, "కానీ అన్నీ ‘త’లూ ‘స’లే. మార్చవా?" అంది.

"మార్చను. ఇవే సరైనవి."

"అయితే ఎలా చెబుతావు?"

"ఎలా వస్తే అలా."

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బల్లలు ఎత్తే మనుషులు గోడల వెంట సిద్ధంగా నిలబడ్డారు. నేను లేచాను. హాలు నిశ్శబ్దమైంది, పాపం అనుకునే నిశ్శబ్దం. అంతకంటే గొల్లుమనడమే మేలు. ఇథెల్ వీణ తీగలు సవరించాడు. మొదటి పాదం ఎత్తుకున్నాను.

ఈల. కుక్కలు తలలెత్తాయి. వెనక బల్లల దగ్గర ఎవరో పకపకలాడారు. మాటలు ఒక్కటీ ఎవరికీ అందలేదని నాకు తెలిసింది. రెండేళ్ళ తర్వాత వచ్చిన పద్యం, నా చేతకాని నోట్లోనే చచ్చిపోతోంది. అప్పుడు నాకు పౌరుషం కంటే పద్యం ముఖ్యమనిపించింది. ఈ మాట నేను నా జీవితంలో ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు, అనుకోలేదు కూడా.

"రిరిద్" అన్నాను. "లేచి రా."

"ఎందుకు గురువుగారూ?"

"పాడటానికి. నా పద్యం నువ్వు పాడాలి."

హాలంతా కలకలం. వాడు తెల్లబోయాడు. "నేనా? మీకు ఎదురు నిలబడ్డవాణ్ణి నేను!"

"నా చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేసింది కూడా నువ్వేనా, ఇంకెవరన్నానా?"

దొర గడ్డం నిమురుకుంటూ, "ప్రమాణం ప్రమాణమే నాయనా" అన్నాడు. కళ్ళు మాత్రం పండగ చేసుకుంటున్నాయి.

వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడికి పద్యం తెలియదు కదా. అందుకని నేను ఒక్కో జంట పాదం వాడి చెవిలో చెప్పాలి, వాడు దాన్ని వీణతో పాటు పైకి పాడాలి. నా ఈలలు వాడి చెవి వరకే, సభకి వాడి గొంతు.

మొదటి జంట పాదం చెవిలో వేశాను. పాడాడు. జున్ను కవికి జవాబు. హాలు నవ్వింది, ఈసారి నా వైపు నుంచి. రెండోది. అబద్ధాల కవికి. మూడోది గట్టు దాటించినవాడికి:

గట్టు దాటి పోలేదు, గిట్టి మట్టి కాలేదు,
పెట్టి పోషించిన నోట పుట్టి పెరుగుతున్నాయి.

ఇక్కడికి వచ్చేసరికి జనానికి ఆట అర్థమైంది. నేను వాడి చెవి దగ్గరకి వంగినప్పుడల్లా అందరి కళ్ళూ వాడి మొహం మీదే. చెవిలో పడిందేమిటో వాడి మొహం ముందు చెబుతోంది, నోరు తర్వాత చెబుతోంది. నెస్ట్ అయితే పెళ్ళిబల్ల ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎర్రబడ్డాడు! ఇంకా ఎర్రబడ్డాడు!" అని మొగుడికి చెబుతోంది.

వాడి వంతు వచ్చింది. చెవిలో చెప్పాను. వాడు కదలలేదు. నా వైపు తిరిగి చూశాడు. ఆ క్షణాన వాడు ఏమైనా చెయ్యగలడు. ఒక హల్లు మింగేస్తే చాలు, గొంతు కాస్త కిందకి దించితే చాలు, పద్యం కుంటిదైపోతుంది. కుర్చీ వాడిది. ఆ కుర్చీ అక్కడే, పొయ్యి పక్కన ఖాళీగా ఉంది. ఇద్దరం దాన్నే చూశాం.

నాకు భయం వెయ్యలేదని రాస్తే అబద్ధం అవుతుంది.

"ఇది బాగుంది గురువుగారూ" అన్నాడు వాడు మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. తిట్టు తిన్నవాడిలా అనలేదు. మంచి పనిముట్టు చేతికి తగిలినవాడిలా అన్నాడు. ఊపిరి పీల్చుకుని, ఆ ఛాతీ అంతా నింపుకుని, ఎత్తుకున్నాడు:

కొరికిన నోరు నీదే, కోర మాత్రం నాదే;
తెరిచి చూపు రిరిదూ, వరుస తప్పక ఉన్నాయి!

ఎక్కడ ఆపమని పదిహేనేళ్ళప్పుడు నేర్పానో అక్కడ ఆపాడు. ‘నీదే’ దగ్గర. హాలులో గాలి కూడా ఆగింది. తర్వాత వదిలాడు. వాడి పేరు వాడే పాడుతూ, వాడి నోరు వాడే తెరుస్తూ, పైకప్పు దూలాల దాకా ఎత్తి వదిలాడు. అంతకంటే బాగా ఆ పాదాన్ని ఎవరూ పాడలేరు. పళ్ళున్న రోజుల్లో నేను కూడా.

తర్వాత ఆ భవనం కూలిపోతుందేమో అనిపించింది. కప్పులు, గిన్నెలు, అరుపులు. "తెరువు! నోరు తెరువు! చూపించు!" అని బల్లలు బాదారు. రిరిద్ నాలుగు వైపులకీ తిరిగి, గుర్రాల బేరగాడికి గుర్రం చూపించినట్టు, నోరు బార్లా తెరిచి పళ్ళన్నీ చూపించాడు. తర్వాత తనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక నా భుజం మీద వాలిపోయాడు.

"దొరికాయి!" అని అరిచాడు కదూగన్ దొర. "గొరోన్వీ గారి పళ్ళు దొరికాయి!" తనే లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టాడు. మాడోగ్ పెళ్ళి చొక్కా అందరి ముందూ విప్పి నా ఒడిలో పెట్టాడు. చలికి వణుకుతూ నిలబడ్డాడు పాపం, నెస్ట్ తన శాలువా కప్పే దాకా.

"కవిగారూ" అన్నాడు దొర, పెద్ద గొంతుతో, అందరికీ వినబడాలని, "రెండేళ్ళు దాచుకున్నారన్నమాట!"

"మంచిది పండాలంటే సమయం పడుతుంది దొరా" అన్నాను. రెండు ఈలలు వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. హునిద్ ఒక్కతే నవ్వింది. ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది కనుక క్షమించాను.

మార్టిన్ పండుగ తర్వాత మూడో రోజు

చొక్కా పట్టడం లేదు. మాడోగ్ మరీ సన్నం. హునిద్ కుట్లు విప్పుతోంది, "పొట్ట నీది, శ్రమ నాది" అని సణుగుతోంది.

ఇంకో పద్యం మొదలైంది. కొత్తదే. ఉల్లికాడలు తరిగేటప్పుడు వినిపించి ఖాయం చేసుకున్నాను.

మార్టిన్ పండుగ తర్వాత ఆరో రోజు

రిరిద్ వచ్చాడు. ఈసారి ‘ఇటుగా పోతున్నాను’ అనలేదు.

కాసేపు మంట దగ్గర కూర్చున్నాడు. రొట్టె ఇస్తే పాలలో ముంచుకుని తిన్నాడు. "మీ మీద అలా చెప్పకుండా ఉండాల్సింది గురువుగారూ" అన్నాడు.

"నోర్ముయ్. అది చెప్పకపోతే ఇది వచ్చేదా? నీ పద్యం నా పద్యం కంటే ఒక వేలెడు తక్కువ, అంతే. ఇంకో పదేళ్ళు చచ్చేలా పని చెయ్యి, కుర్చీ సంగతి అప్పుడు మాట్లాడదాం."

నవ్వాడు. లేచి వెళ్ళబోయాడు.

"కూర్చో" అన్నాను. "మళ్ళీ ఒకసారి పాడు."

"ఏది?"

"నాది."

పాడాడు. వీణ లేదు, సభ లేదు, మంట చిటపటలు తప్ప ఏమీ లేదు. మొదటి పాదం నుంచి చివరి పాదం దాకా ఒక్క హల్లు మింగకుండా పాడాడు. హునిద్ సూది చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. నలభై ఏళ్ళుగా పద్యాలు చెబుతున్నాను. చెప్పేవాడికి ఎప్పుడూ తర్వాతి పాదం మీదే ధ్యాస, ఊపిరి మీదే ధ్యాస, సభ మొహాల మీదే ధ్యాస. నా పద్యం ఒక్కటీ నేను ఎప్పుడూ వినలేదు.

విన్నాను. బాగుంది.